వీధి చిత్రకారుల స్క్రీన్ ప్రింట్లు: విశాఖలో కొనేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

డాబాగార్డెన్స్‌లో మా నాన్నకి శుభలేఖలు అచ్చేసే చిన్న షాపు ఉండేది. స్క్రీన్ ప్రింటింగ్ నాకు అక్కడే పరిచయం. వీధి చిత్రకారుల లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్లు, అంటే ఇన్ని కాపీలే అని లెక్కపెట్టి అచ్చేసేవి, కొనడం 2012లో మొదలుపెట్టాను. తెలిసినవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేవి ఎప్పుడూ దాదాపు ఇవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

ప్రింట్ అంటే పోస్టరే కదా, దానికి అంత డబ్బెందుకు?

పోస్టరు మెషీన్‌లోంచి గంటకి వేలల్లో వచ్చిపడుతుంది. స్క్రీన్ ప్రింట్ అలా కాదు. ఒక ఫ్రేముకి సన్నని జాలీగుడ్డ బిగించి లాగుతారు. దాని మీద ఎమల్షన్ పూసి ఆరబెట్టి, బొమ్మ ఉన్న ఫిల్మ్ పెట్టి లైటు కొడతారు. లైటు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది, తగలని చోట నీళ్లతో కడిగేస్తే పోతుంది. అలా తెరుచుకున్న చోటు నుంచి మాత్రమే రంగు కిందికి దిగుతుంది. రబ్బరు పట్టీ ఉన్న స్క్వీజీతో రంగుని ఒక్క లాగు లాగితే ఒక కాగితం మీద ఒక రంగు పడుతుంది, అంతే. రెండో రంగుకి రెండో స్క్రీన్, మళ్లీ అన్ని కాగితాలూ మొదటి నుంచి.

ఎనిమిది రంగుల బొమ్మ, వంద కాపీలు అనుకుందాం. ఎనిమిది వందల సార్లు స్క్వీజీ లాగాలి. ప్రతి రంగూ ముందు రంగు పక్కన సరిగ్గా కూర్చోవాలి. మా షాపులో కుంకుమరంగు, బంగారురంగు, రెండే రంగులు. ఆ రెండింటికే పెళ్లిళ్ల సీజన్‌లో నాన్న బీపీ పెరిగేది. వినాయకుడి కిరీటం నుంచి బంగారు రంగు ఒక్క నూలుపోగంత పక్కకి జరిగితే ఆ కార్డు చెత్తబుట్టలోకే. ప్రింట్ ఖరీదులో కొంత ఈ చెత్తబుట్టది కూడా.

గోడల మీద గీసేవాళ్లు స్క్రీన్ ప్రింట్లే ఎందుకు ఎంచుకుంటారు?

రెండూ చుట్టాలు కాబట్టి. వీధిలో పోలీసులు వచ్చేలోపు పని ముగించాలి. అందుకని ఇంటి దగ్గరే అట్టకి రంధ్రాలు కోసి స్టెన్సిల్ తయారుచేసుకుని, గోడకి ఆనించి స్ప్రే కొట్టి వెళ్లిపోతారు. పారిస్ గోడల మీద ఫ్రెంచ్ వీధి చిత్రకారుడు బ్లెక్ లె రా 1981 నుంచి ఎలుకల్ని అలాగే దింపాడు. స్క్రీన్ కూడా జాలీగుడ్డ మీది స్టెన్సిలే. చదునైన రంగులు, పదునైన అంచులు, తక్కువ రంగులతో గట్టిగా కొట్టే బొమ్మ, ఇవన్నీ గోడ నుంచి కాగితానికి పెద్దగా నష్టం లేకుండా వస్తాయి. గ్యాలరీల్లో ఈ పద్ధతికి గౌరవం తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్‌ని. 1962లోనే ఆయన దీన్ని పట్టుకున్నాడు.

రెండో కారణం డబ్బు. గోడని అమ్ముకోలేం, ప్రింట్‌ని అమ్ముకోవచ్చు. 2008లో అమెరికా వీధి చిత్రకారుడు షెపర్డ్ ఫెయిరీ ఒబామా బొమ్మతో చేసిన, తర్వాత 'హోప్' అన్న మాటతో పేరుపడ్డ పోస్టరుకి మొదటి విడత 700 స్క్రీన్ ప్రింట్లు వేశాడు. సగం అమ్మాడు, సగం వీధుల్లో అంటించాడు. అమ్మిన డబ్బుతో ఇంకా పోస్టర్లు వేశాడు.

మన దేశంలోనూ పేరు దాచుకుని పనిచేసే చిత్రకారులున్నారు. ఢిల్లీలో 'డాకు', కొచ్చిలో 'గెస్ హూ'. 2014లో మొదలైన వీధి కళల సంస్థ స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఢిల్లీ లోధీ కాలనీ గోడల్ని, హైదరాబాద్ మక్తాని, చెన్నై కన్నగి నగర్‌ని బొమ్మలతో నింపింది. మన బీచ్ రోడ్డు గోడల మీద, ఫ్లైఓవర్ స్తంభాల మీద కనిపించేవి ఎక్కువగా ప్రభుత్వం వేయించినవి. వాటిని వీధి కళ అనాలా వద్దా అని మా స్నేహితుల మధ్య గొడవ ఉంది. నేను అనాలనే అంటాను. సున్నం కొట్టేశాక అందరం ఒకేలా బాధపడతాం కదా.

హ్యాండ్ ఫినిష్డ్ అంటే ఏమిటి?

శుభలేఖ మీకు తెలుసు. అయిదు వందలు అచ్చేస్తే అన్నీ ఒకటే. ఇంటికి తెచ్చాక పెద్దవాళ్లు కూర్చుని ఒక్కో కార్డు నాలుగు మూలలా పసుపు రాస్తారు. ఒకదానికి అమ్మమ్మ వేలిగుర్తు ఒత్తుగా పడుతుంది, ఇంకోదానికి పిన్ని చెయ్యి జారి పసుపు పేరు మీదికి పాకుతుంది. ఇక ఏ రెండు కార్డులూ ఒకటి కావు. హ్యాండ్ ఫినిష్డ్ ప్రింట్ సరిగ్గా అదే. స్క్రీన్ పని అయిపోయాక చిత్రకారుడు ఒక్కో కాగితం మీద చేత్తో ఏదో ఒకటి చేస్తాడు. స్ప్రే కొడతాడు, బ్రష్షుతో అక్రిలిక్ వేస్తాడు, బంగారు రేకు అతికిస్తాడు, పాత న్యూస్‌పేపర్ ముక్కలు అంటిస్తాడు. ఫెయిరీ ఇలాంటివాటిలో చేతిపని ఎక్కువున్న చిన్న ఎడిషన్లని 'హ్యాండ్ పెయింటెడ్ మల్టిపుల్' అంటాడు. అమ్మకం పేజీల్లో హెచ్‌పీఎం అని కనిపిస్తే అదే.

కొనే ముందు ఒక్కటే అడగండి: చెయ్యి ఎక్కడ పడింది? "ప్రతి ప్రింటు మీదా ఎర్ర బెలూన్ చేత్తో స్ప్రే చేసింది" లాంటి సూటి జవాబు రావాలి. "ఆర్టిస్టు స్వయంగా అలంకరించారు" అని ఊరుకుంటే, మూలన ఒక చుక్క పెట్టి ధర రెట్టింపు చేశారని అనుకోవచ్చు. అలాంటివి నేను రెండు కొన్నాను. ఒకదాని మీద చేతిపని ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇంకోటి, వెబ్‌సైట్‌లో ఉన్న ఫోటో మీకు వచ్చే కాపీది కాదు. రంగు కారిన తీరు, స్ప్రే తుంపరలు మీదాంట్లో వేరేగా ఉంటాయి. అది ఇష్టం లేనివాళ్లు మామూలు ఎడిషన్ తీసుకోవడమే సుఖం.

కింద పెన్సిల్‌తో 23/100 అని, కొన్నిటి మీద ఏపీ అని ఉంటుంది. అంటే?

వంద కాపీల్లో ఇది 23వ నంబరుది అని. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, ఆర్టిస్ట్ ప్రూఫ్, అంటే చిత్రకారుడు తన కోసం ఉంచుకునే కాపీలు. పీపీ అంటే ప్రింటర్ ప్రూఫ్, అచ్చేసినవాళ్ల వాటా. హెచ్‌సీ అంటే అమ్మకానికి కాదని పక్కన పెట్టినవి, అయినా ఏదో ఒకరోజు అమ్మకానికే వస్తాయి.

సాధారణంగా ఎడమ పక్క నంబరు, కుడి పక్క సంతకం ఉంటాయి. పెన్సిల్ ఎందుకంటే అది వెలిసిపోదు, కాగితంలోకి దిగుతుంది, చెరిపితే జాడ తెలుస్తుంది. కొన్నిటికి మూలన రంగు లేని ఉబ్బెత్తు ముద్ర ఉంటుంది. వేలితో తడిమితే తగులుతుంది. అది అచ్చేసిన స్టూడియోది.

అసలు లెక్క ఒకటి అడిగి తెలుసుకోండి. ఇదే బొమ్మ ఇంకెన్ని రంగుల్లో వచ్చింది? నీలం వంద, ఎరుపు వంద, బంగారం యాభై, ఆపైన ఏపీలు. మీరు వందలో ఒకటి అనుకుని కొన్నది నిజానికి రెండొందల యాభైకి పైగా ఉన్నవాటిలో ఒకటి కావచ్చు.

చిన్న నంబరుకి విలువ ఎక్కువా?

లేదు. నంబర్లు వేసే వరసా, అచ్చేసిన వరసా ఒకటి కానక్కర్లేదు. ఆరబెట్టిన దొంతరలోంచి ఏది చేతికొస్తే దానికి నంబరు వేస్తారు. 1/100 మీద మోజుపడేవాళ్లు ఉన్నారు, ఫ్యాన్సీ నంబరు ప్లేట్ల మీద మోజుపడేవాళ్లు ఉన్నట్టే.

నకిలీని ఎలా పట్టుకోవాలి?

కురుపాం మార్కెట్‌లో బంగారం పనివాళ్లు కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం ఉంటుంది, పదిరెట్లు పెద్దగా చూపించేది. అది ఒకటి కొనుక్కోండి. మీ కలెక్షన్‌కి మొదటి పెట్టుబడి అదే కావాలి.

దాంతో రంగు అంచుని చూడండి. స్క్రీన్ ప్రింట్‌లో రంగు కాగితం పైన పొరలా కూర్చుంటుంది, నిండుగా ఉంటుంది. రెండు రంగులు కలిసే చోట ఒకటి ఇంకోదాని మీదికి కొద్దిగా ఎక్కి ఉంటుంది. కంప్యూటర్ ప్రింటర్ మీద తీసిన నకలైతే ఆ నిండు ఎరుపు లోపల గులాబీ, పసుపు, నీలం సన్నని చుక్కలు కనిపిస్తాయి. స్క్రీన్ ప్రింట్‌లో కూడా ఫోటో భాగాలకి చుక్కలు వాడతారు, కానీ ఒక్కో చుక్క ఒకే నిండు రంగులో ఉంటుంది.

తర్వాత గదిలో లైట్లన్నీ ఆపి, ఫోన్ టార్చ్‌ని కాగితానికి పక్క నుంచి, దాదాపు సమాంతరంగా వేయండి. నా దగ్గరున్న ఒక ప్రింట్‌లో ఒక అమ్మాయి గొడుగు పట్టుకుని ఉంటుంది. గొడుగు మాత్రం చేత్తో వేసింది. మామూలు వెలుగులో ఏమీ తెలియదు. పక్క నుంచి టార్చ్ పడగానే గొడుగు మీద బ్రష్షు గీతలు చాళ్లలా లేస్తాయి. చివర్లో ఒక చిన్న వెంట్రుక, బ్రష్షుదే, రంగులో ఇరుక్కుని ఉంది. ఫోటో తీసి అచ్చేసిన నకలులో వెంట్రుక బొమ్మ ఉంటుంది గానీ దాని ఎత్తు ఉండదు, నీడ పడదు.

ఇక కాగితాలు. సర్టిఫికెట్‌ని నకలు చేయడం ప్రింట్‌ని నకలు చేయడం కంటే తేలిక, కాబట్టి అదొక్కటే చూసి మురిసిపోవద్దు. ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెప్పే బిల్లులు, మొదటి కొనుగోలు ఈమెయిల్, షిప్పింగ్ లేబుల్ ఉంటే బలం. అసలు పేరు బయటపెట్టని బ్రిటన్ వీధి చిత్రకారుడు బ్యాంక్సీ విషయంలో దారి ఒక్కటే: 2008 నుంచి ఆయన తరఫున పనిచేస్తున్న 'పెస్ట్ కంట్రోల్' అనే పేరున్న ఆఫీసు. బ్యాంక్సీ యువరాణి డయానా బొమ్మతో అచ్చేసిన ఉత్తుత్తి పది పౌండ్ల నోటుని చింపి, సగం సర్టిఫికెట్‌కి జతచేసి, మిగతా సగం వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. రెండు ముక్కలూ అతికితేనే అసలు. ఫేస్‌బుక్‌లో "బ్యాంక్సీ ఒరిజినల్, 15 వేలు, సర్టిఫికెట్ ఉంది" అని ఎవరైనా పెడితే నవ్వుకుని వదిలేయండి.

విశాఖలో కూర్చుని ఎలా కొనాలి?

ఎక్కువగా చిత్రకారుల సొంత వెబ్‌సైట్లలో, ప్రచురణకర్తల దగ్గర. విడుదలని డ్రాప్ అంటారు. పేరున్నవాళ్లవైతే నిమిషాల్లో అయిపోతాయి, తిరుపతి దర్శనం టికెట్లలాగే. లాస్ ఏంజెలెస్‌లో పొద్దున పది అంటే మనకి వాళ్ల వేసవిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. లండన్‌లో పొద్దున పది అంటే మధ్యాహ్నం రెండున్నర లేదా మూడున్నర. ముందే లాగిన్ అయి, అడ్రసు నింపి పెట్టుకోండి. కార్డులో విదేశీ చెల్లింపులు బ్యాంకు యాప్‌లో ఆన్ చేయకపోతే చివరి క్షణంలో ఫెయిలవుతుంది. ఆ టెన్షన్ నేను పడ్డాను, ప్రింట్ పోయింది. దొరక్కపోతే వెంటనే రెండింతలు పెట్టి ఇంకొకరి దగ్గర కొనకండి. డ్రాప్ రోజు వేడి చల్లారాక చాలావాటి ధర దిగుతుంది.

కస్టమ్స్ ఎంత పడుతుంది?

ప్రింట్ ధర, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద సుంకం లెక్కేస్తారు, దాని పైన ఐజీఎస్‌టీ (దిగుమతుల మీద పడే జీఎస్‌టీ), ఆపైన కొరియర్‌వాళ్ల సర్వీస్ చార్జీ. రేట్లు మారుతుంటాయి కాబట్టి ఇక్కడ అంకెలు రాయను. నా మటుకు నేను షిప్పింగ్, పన్నులు కలిపి ప్రింట్ ధరలో ఇంకో సగం పక్కన పెట్టుకుంటాను. కేవైసీ కాగితాలు అడుగుతారు, రెడీగా ఉంచుకోండి. అమ్మేవాళ్లని ధర తక్కువ చేసి రాయమని బతిమాలకండి. దారిలో పాడైతే ఇన్సూరెన్స్ కూడా ఆ తక్కువ ధరకే వస్తుంది.

చేతిపని మందంగా ఉన్న ప్రింట్‌ని చుట్టి గొట్టంలో పంపిస్తే రంగు పగిలే ప్రమాదం ఉంది. చదునుగా ప్యాక్ చేయమనండి, ఖర్చు ఎక్కువైనా సరే.

పార్సిల్ వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

విప్పుతుంటే వీడియో తీయమని ఇంట్లో ఎవరికైనా ఫోన్ ఇవ్వండి. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరాక ముట్టుకోండి. గొట్టంలోంచి తీసిన కాగితాన్ని వెనక్కి చుట్టి సరిచేయాలని చూడకండి, మడత పడుతుంది. శుభ్రమైన బల్ల మీద పరిచి, పైన గ్లాసిన్ అనే నునుపైన పలుచని కాగితం వేసి, అంచుల మీద పుస్తకాలు పెట్టి ఒకట్రెండు రోజులు వదిలేయండి. పక్కన కాఫీ గ్లాసు వద్దు.

ఫ్రేమ్ ఎలా కట్టించాలి?

విశాఖలో ప్రింట్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. నా మొదటి ప్రింట్‌ని ఒక ఫ్రేముల షాపులో ఇచ్చాను. దేవుడి పటాలు బాగా కడతారని పేరు. రెండు రోజుల తర్వాత వెళ్తే షాపాయన సంతోషంగా చూపించాడు: "బుడగ లేకుండా అతికించాం సార్, ఇక కదలదు." కాగితం మొత్తాన్ని హార్డ్‌బోర్డుకి బంకతో అంటించేశాడు. అది చాలదన్నట్టు రెడీమేడ్ ఫ్రేములో పట్టలేదని కింద అంచు కోసేశాడు. నంబరూ, సంతకమూ ఉన్న అంచు. చెత్తబుట్ట తిరగేసి ఆ ముక్క వెతుక్కున్నాం. వేలెడు వెడల్పు, జానెడు పొడవు. ఇప్పటికీ నా పర్సులో ఉంది. ఆయన తప్పేమీ లేదు, చెప్పకపోవడం నా తప్పు.

అందుకని చెప్పాల్సినవి కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ అంచూ కోయకూడదు. ప్రింట్‌కి బంక, సెల్లోటేపు, రెండు పక్కలా అంటుకునే టేపు ఏదీ తగలకూడదు. వెనక హార్డ్‌బోర్డు నేరుగా ఆనకూడదు, ఆమ్లం లేని బోర్డు మధ్యలో ఉండాలి. అది ఇక్కడ దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించి మీరే ఇవ్వండి. కాగితాన్ని పైఅంచు దగ్గర రెండు చోట్ల మాత్రమే, జపాన్ కాగితం పట్టీలతో, గోధుమ గంజితో పట్టిస్తారు. సినిమా పోస్టర్లకి ఉడకబెట్టే మైదా జిగురు లాంటిదే గానీ, శుద్ధిచేసిన పిండి. మైదా వాడితే పురుగులకి విందు. అది చేతకాదంటే నాలుగు మూలలకీ కాగితపు జేబులు చేసి అందులో దూర్చమనండి, అదీ మంచిదే. అద్దం ప్రింట్‌కి తగలకుండా మధ్యలో మౌంట్, అంటే బొమ్మ చుట్టూ వచ్చే అట్ట చట్రం, ఉండాలి. ఉక్కపోత రోజుల్లో రంగు అద్దానికి అంటుకుంటే ఇక విడదీయలేం.

అన్నిటికంటే ముఖ్యం, వానాకాలంలో ఫ్రేమ్ కట్టించకండి. ఆ రోజు గాల్లో ఉన్న తేమ అంతా కాగితంతో పాటు లోపల బందీ అవుతుంది. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మన ఊళ్లో గాలి కాస్త పొడిగా ఉంటుంది. నేను ఏడాది పొడవునా కొన్నవన్నీ అప్పుడే కట్టిస్తాను.

వాస్తు ప్రకారం ఏ గోడకి తగిలించాలి?

ఇది నిజంగా అడుగుతారు. వాస్తు నాకు తెలియదు, తేమ తెలుసు. తూర్పు కిటికీకి ఎదురు గోడ మీద పొద్దుటి ఎండ సూటిగా పడుతుంది, ఎరుపు, గులాబీ రంగులు ముందు పోతాయి. సముద్రం వైపు బయటి గోడకి వానల్లో చెమ్మ ఎక్కుతుంది. బాత్రూమ్ గోడ, వంటింటి గోడ సరేసరి. మిగిలేది రెండు గదుల మధ్య గోడ. అక్కడ కూడా ఫ్రేమ్ వెనక నాలుగు మూలలకి చిన్న రబ్బరు బిళ్లలు అంటించి, గోడకీ దానికీ మధ్య గాలి ఆడనివ్వండి. మేకులు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. మామూలు మేకు ఈ ఉప్పుగాలికి రెండేళ్లలో పొడిపొడి అవుతుంది, ఒక అర్ధరాత్రి ధడేల్ మంటుంది.

ఫ్రేమ్ చేయకుండా దాచుకోవచ్చా?

దాచుకోవచ్చు. ఆమ్లం లేని ఫోల్డర్లలో, మధ్యమధ్యలో గ్లాసిన్ వేసి, చదునుగా, నేలకి ఎత్తులో. పాలిథిన్ కవర్లో మూసిపెట్టకండి, లోపల చెమట పడుతుంది. కలరా ఉండలు వేయకండి. రెండు మూడొందలకి దొరికే తేమ మీటరు ఒకటి పెట్టుకోండి. కాగితానికి 50 శాతం అటూఇటూ ఉంటే హాయి. మన ఇళ్లలో అది 75, 80 చూపిస్తుంది, కంగారు పడకండి, తగ్గించగలిగినంత తగ్గించండి. రాత్రి ఏసీ వేసి పొద్దున ఆపేసే పడగ్గది మంచిదనుకుంటారు గానీ, రోజూ ఎండుతూ తడుస్తూ ఉంటే కాగితం అలలు తిరుగుతుంది. ఎప్పుడూ ఒకేలా ఉండే స్టోర్‌రూమే మేలు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా హాల్లో కిటికీ రెక్క ఊడిపోయింది. గోడ మీద ఉన్న రెండు ప్రింట్లూ పోయాయి. మంచం కింద ట్రంకుపెట్టెలో ఉన్నవి కూడా పోయాయి, నీళ్లు నేల మీదే కదా నిలిచాయి. బీరువా పై అరలో పాత చీరల మధ్య పెట్టి మరిచిపోయిన మూడు మాత్రం చెక్కుచెదరలేదు.

పెట్టుబడిగా కొనొచ్చా?

బ్యాంక్సీ 'గర్ల్ విత్ బెలూన్' ప్రింట్ 2004లో సంతకంతో 150, సంతకం లేకుండా 600 వచ్చాయి. అదే బొమ్మ ఉన్న కాన్వాసు 2018లో లండన్ వేలంలో సుమారు 10.4 లక్షల పౌండ్లకి పాట ముగియగానే, బ్యాంక్సీ ఫ్రేములో దాచిన కాగితాలు చీల్చే యంత్రంలోంచి కిందికి జారుతూ సగం ముక్కలైంది. ఆ ముక్కలైన బొమ్మే 2021లో సుమారు 1.86 కోట్ల పౌండ్లు పలికింది. ఈ కథ విని నాకు ఫోన్ చేసేవాళ్లు చాలామంది. లాటరీ తగిలినవాడి ఫోటో పేపర్లో వస్తుంది, తగలనివాళ్లది రాదు. మన దేశంలో ఈ ప్రింట్లు తిరిగి కొనేవాళ్లు తక్కువ, అమ్మాలంటే మళ్లీ విదేశానికి పంపాలి, ఖర్చులు మళ్లీ మీవే. డబ్బు కోసమైతే మధురవాడలో స్థలం చూసుకోండి.

నా దగ్గర పది వేలే ఉన్నాయి.

చాలు. ఫెయిరీ మామూలు ఎడిషన్లు కూడా విడుదల రోజున చాలావరకు వంద డాలర్ల లోపే ఉంటూ వచ్చాయి. మన దేశపు చిత్రకారులవైతే కస్టమ్స్ గొడవ కూడా లేదు. ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ పిల్లల పనులు ప్రదర్శనకి పెట్టినప్పుడు వెళ్లి చూడండి, వాళ్లతో మాట్లాడండి. ప్రింట్ చేసిన మనిషే ఎదురుగా ఉండి "ఈ మూల నాలుగుసార్లు పాడైంది అంకుల్" అని చూపిస్తుంటే భూతద్దంతో పనే ఉండదు.

కొన్న ప్రింట్‌ని టీషర్టు మీద వేయించుకుని అమ్మొచ్చా?

కూడదు. కాగితం మాత్రమే మీ సొంతం, కాపీరైట్ చిత్రకారుడిది.

నా ప్రింట్ మీద గోధుమరంగు మచ్చలు వచ్చేశాయి. ఏం చేయాలి?

ముందు మిగతావాటి నుంచి వేరు చేయండి. తడిగుడ్డతో తుడవకండి, నిమ్మకాయ, బ్లీచింగ్ లాంటి యూట్యూబ్ వైద్యాలు వద్దు, ఎండలో పెట్టకండి. ఫ్రేములోంచి తీసి, ఫ్యాన్ గాలి సూటిగా తగలని పొడి గదిలో ఉంచండి. బూజు నూగులా కనిపిస్తే అది పూర్తిగా ఎండాక, మాస్కు పెట్టుకుని, బయట వరండాలో మెత్తని బ్రష్షుతో నెమ్మదిగా దులపండి. చేతిపని ఉన్న చోట బ్రష్షు కూడా వద్దు. మచ్చ తీయడం మన పని కాదు. భువనేశ్వర్‌లో ఇంటాక్ (వారసత్వ సంపదని కాపాడే సంస్థ) వాళ్ల కళా పరిరక్షణ కేంద్రం ఉంది, ముందు ఫోన్ చేసి ఫోటోలు పంపి వెళ్లండి. రైల్లో తీసుకెళ్తే రెండు అట్టల మధ్య పెట్టి, పై బెర్త్ బుక్ చేసుకోండి. కింద సీటు కిందికి తోస్తే ఇచ్ఛాపురం దాటేలోపు ఎవరో ఒకరు దాని మీద వాటర్ బాటిల్ పెడతారు.